ఆరణి తీరమున పెనువేషములు

చెన్నపట్టణమునకు వాయవ్యదిశను సుమారు 45 కిలోమీటర్ల దూరమున, ఆరణి నది యొడ్డున, నేటి తిరువళ్ళూరు జిల్లా ఊత్తుకోట తాలూకాలో చేరిన పెరియపాళయము సాధారణదినములలో చూచువారికి చిన్న యూరుగనే తోచును. తమిళులు ఆడి యని వ్యవహరించు మాసమున, అనగా జులై నడిమినుండి ఆగస్టు నడిమి వఱకును, ఆ పిమ్మట మరికొన్ని వారములును, భవానీ అమ్మవారి సన్నిధికి బండ్లు కట్టుకొనియు, బస్సులెక్కియు, కాలినడకను వచ్చు జనసమ్మర్దమున నది యిసుక కంటికి కానరాకుండును. ఆ జనములో అరవము మాటాడువారెట్లో తెలుగు మాటాడువారు నట్లే మెండు. ఇందులో వింత లేదు. ఆరణి చిత్తూరు సీమలో పుట్టి, పిచ్చాటూరు జలాశయమును నింపి, సురుటుపల్లి పళ్ళికొండేశ్వరుని యాలయపు ప్రక్కగా వచ్చి, ఊత్తుకోటను, పెరియపాళయమును, పొన్నేరిని ఒరసికొని సముద్రాభిముఖముగా సాగును. నది దిగివచ్చిన దారినే బాట యెగబ్రాకి, ఊత్తుకోట, నాగలాపురము, నారాయణవనముల మీదుగా పుత్తూరు చేరి, తిరుపతి త్రోవలో కలియును. ఈ నీరును ఈ బాటయు అనేక శతాబ్దములుగా రెండు భాషలవారికి ఉమ్మడిసొత్తు.

ఈ బాటకు అటునిటు నున్న పుణ్యస్థలములను చూడబోయినవాడు ఒక విశేషమును గమనింపక మానడు. ఇచ్చటి దేవతలకు జనులు చెల్లించు మొక్కులలో ధనధాన్యములకంటె, తలనీలములకంటె ప్రత్యేకమైనది వేషము. అదియు రంగు పూసికొని కట్టుబట్ట మార్చుకొనుటతో ముగియు వేషము కాదు; దేహముపై మరియొక దేహమును నిర్మించి, దానిని మోయుచు, దానితో నడచుచు, ఆడుచు దేవతాసన్నిధిని చేరవలసిన పెనువేషము. ఒకచోట అది ఆకులతో కూర్చబడును. ఒకచోట నెమలి పింఛములతోను, ఒకచోట వెదురుబద్దలతోను, రంగుకాగితములతోను కూర్చబడును. దానిని కట్టు చేతులు చాలవఱకు ఇంటివారివే. కట్టు స్థలము ఇంటి వసారాయే. రాజాస్థానముల నాట్యమును గూర్చియు, ఆలయముల శిల్పమును గూర్చియు మనవారు గ్రంథములు వ్రాసిరి గాని, ఈ యింటిపనివాని విద్యను గూర్చి వ్రాసినవారు అరుదు. ఆ కొఱతను కొంతయైన తీర్చుటకే ఈ వ్యాసము.

పెరియపాళయపు దేవత శంఖచక్రధారిణి. ద్వాపరమున దేవకీవసుదేవుల యొద్దకు తేబడి, కంసుని చేతినుండి జాఱి ఆకసమున కెగసిన యోగమాయయే ఇచ్చట భవానియై వెలసినదని స్థలపురాణము. దానికి తోడుగా జనులు చెప్పికొను కథ మరియొకటి కలదు. ఆంధ్రదేశమునుండి గాజుల మలారము నెత్తికెత్తుకొని చెన్నపట్టణమునకు పోయి అమ్ముకొను ఒక వ్యాపారి, తిరుగు ప్రయాణమున పెరియపాళయపు వేపచెట్ల నీడను నిదురించి లేచునప్పటికి, అమ్ముడుపోక మిగిలిన గాజులు కానరాలేదట. అవి ప్రక్కనున్న పుట్టలోనికి జాఱిపోయెనట. పిమ్మట అమ్మవారు కలలో కనిపించి తన యునికిని తెలిపినదట. కథ నిజమో కాదో నిర్ణయించుట చరిత్రకారుని వశము కాదు గాని, కథ చెప్పిన సంగతి యొకటి మాత్రము చరిత్రయే: ఈ దేవత తెలుగు గాజులవాని దారిలో వెలసినది. పుట్టయు, వేపయు, గాజులును ఏ భాషవారి గ్రామదేవతకైనను చాలిన సామగ్రి.

ఆ వేపయే ఇచ్చటి వేషమునకు ముడిసరకు. మొక్కుకొన్నవారు ఆరణిలో స్నానమాడి, వేపమండలను త్రాటికి దగ్గఱదగ్గఱగా గ్రుచ్చి, నడుమునకు, భుజములకు చుట్టి, మెడనుండి పిక్కల వఱకు ఒడలంతయు ఆకులతో కప్పికొని, తడి యారకముందే గుడి చుట్టు ప్రదక్షిణము చేయుదురు. దీనిని వేపచీర కట్టుట యందురు. పిల్లలకు కట్టునప్పుడు లోపలి బట్టలమీదనే కట్టుదురు. చంటిబిడ్డలను తల్లులు ఆకులలో పొదిగి యెత్తుకొందురు. మదరాసు మ్యూజియమునకు అధ్యక్షుడుగా నుండి దక్షిణదేశపు జాతుల యాచారములను సేకరించిన ఎడ్గర్ థర్‌స్టన్ దొర, 20వ శతాబ్దపు తొలి యేండ్లలోనే పెరియపాళయపు ఆకుచీరలను తన గ్రంథములలో పేర్కొని యుండుటచేత, ఈ యాచారము శతాబ్దమునకు మించిన పాతదనుట నిశ్చయము. దీని మూలము మసూచికాభయమున నున్నది. అమ్మవారు పోసిన యింట వేపమండలు గుమ్మమునకు కట్టి, వేపాకుపై రోగిని పరుండబెట్టి, తగ్గిన పిమ్మట ఆ యాకునే ఒంటికి చుట్టుకొని దేవతకు కృతజ్ఞత చెల్లించుట ఆ కాలపు సంప్రదాయము. 1975లో భారతదేశమున మసూచి యడుగంటినది. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ భూమండలమంతటను అది నశించెనని ప్రకటించినది. అయినను వేపచీర నశింపలేదు. రోగము పోయినను మొక్కు నిలిచినది. సంతానమునకు, ఉద్యోగమునకు, కుటుంబక్షేమమునకు నేడు వేపచీర కట్టుచున్నారు. కారణము గతించిన పిదపను ఆచారము కొనసాగినదన్నచో, అది కారణముకంటె లోతైన తృప్తిని దేనినో తీర్చుచున్నదని గ్రహింపవలెను. మనుష్యుడు తన చర్మమును విడిచి మరియొక చర్మమున, చెట్టు చర్మమున, కొంతసేపైన నడచుటలోని తృప్తియే అది.

వేపచీరలో పరిమాణము చిన్నది. దేహమును కప్పును గాని దేహమును దాటదు. దేహమును దాటిన వేషము కావలెనన్నచో అదే జిల్లాలో తిరుత్తణికి పోవలెను. సుబ్రహ్మణ్యుని ఆఱు పడైవీడులలో, అనగా ప్రధానక్షేత్రములలో, ఒకటియైన ఆ కొండకు 365 మెట్లు. సంవత్సరమునకెన్ని దినములో అన్ని. ఆడికృత్తికనాడు ఆ మెట్లమీద కావళ్ళు తప్ప మెట్లు కానరావు. కావడి యనగా ఆదిలో రెండుప్రక్కల బరువును వ్రేలాడగట్టిన బద్ద. అగస్త్యుని యాజ్ఞపై ఇడుంబుడను రాక్షసుడు రెండు కొండలను బద్దకు కట్టి మోసికొని వచ్చెనని పళని స్థలపురాణము చెప్పును. సుబ్రహ్మణ్యుని భక్తులు భుజమున దాల్చు కావడి ఆ మోతకు స్మారకము. కాలక్రమమున బద్దపై విల్లువలె వంచిన కొయ్య నిలిచినది. దానిపై వస్త్రము, వస్త్రముపై పూలు, ఇరుప్రక్కల నెమలిపింఛముల కట్టలు, చిఱుగంటలు, పాలచెంబులు చేరినవి. మోయువాని తలకు పైగా చిన్న గోపురమువలె లేచు ఈ చట్రము, అతడు తిరిగినప్పుడు తిరుగును, వంగినప్పుడు వంగును, అతని కాలిగజ్జెకు తాళము కలుపును. కావడి కట్టుట అంగడిపని కాదు. మొక్కుకొన్నవాని యింట వ్రతదినములలో, ఇంటివారందఱు ఉపవాసమున నుండి, పూలు గ్రుచ్చువారు గ్రుచ్చగా, ముడులు వేయువారు వేయగా సిద్ధమగును. చిత్తూరు జిల్లా పల్లెలనుండి నేటికిని పుష్పకావళ్ళు ఎత్తికొని తిరుత్తణి కొండ నెక్కువారు అసంఖ్యాకులు.

అంతకంటె విపులమైన వేషశాస్త్రము బాటకు పైకొసయందు, తిరుపతిలో, తాతయ్యగుంట గంగమ్మ జాతరలో కనిపించును. ఏటేట మే మాసమున జరుగు ఆ జాతర, చాటింపుతో మొదలై విశ్వరూపముతో ముగియునంతవఱకు వేషముల వరుసయే. ఆడుపడుచులను చెఱపట్టిన పాలెగానిని వధించుటకు గంగమ్మ అవతరింపగా, వాడు భయపడి దాగెననియు, వానిని వెదకుటకై ఆమె దినమునకొక వేషము దాల్చెననియు కథ. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు, పేరంటాలు: ఇవి ఆ వేషముల పేర్లు. దొరవేషమున పాలెగాడు చిక్కి హతుడగును. మాతంగివేషమున గంగమ్మ వాని భార్యను ఓదార్చును. ఈ వేషములను తరతరములుగా దాల్చు హక్కు కైకాలవారిది. కాని జాతరకు ఊరంతయు వేషధారియే. బైరాగినాడు నామపుసుద్ద, బండనాడు కుంకుమ, తోటినాడు బొగ్గుపొడి ఒంటికి పూసికొని మగవారును బాలురును వీథులబడుదురు. చీరకట్టి, పూలు ముడిచి, నగలు పెట్టి, కొమారులను కొమార్తెలుగా అలంకరించి గుడికి తీసికొనిపోవుట తల్లులకు వేడుకయు మొక్కును. ఇంతవఱకును వేషము ఒంటిమీదనే యున్నది. చివరకు వచ్చునవి సప్పరములు. వెదురుబద్దలతో గోపురాకారముగా చట్రము కట్టి, అంతస్తులంతస్తులుగా రంగుకాగితములతికించి, ఆ గోపురమును తమపై దాల్చి, మ్రొక్కుబడిదారులు గంగమ్మ ముంగిటికి వత్తురు. గుడిలోనికి మనుష్యుడు పోవుట లోకసహజము. ఇచ్చట మనుష్యుడే గుడియై గుడికి పోవును. చివరి రాత్రి గుడి యెదుట మట్టితో గంగమ్మ బృహన్ముఖమును విశ్వరూపముగా నిర్మింతురు. తెల్లవాఱుజామున ఆ మట్టి చెంప తొలగింపబడి, ముక్కముక్కగా జనులకు ప్రసాదమై పంచబడును. ఇంత శ్రమతో కట్టిన పెద్దరూపము ఒక రాత్రికి మించి నిలువకుండుటయే ఇచ్చటి నియమము.

కాళ్ళను పొడిగించి పెద్దరూపము దాల్చు పద్ధతి వీనికంటెను ప్రాచీనము. తమిళుల శిలప్పదికారమున మాధవి యాడిన పదునొకండు ఆటలలో మరక్కాలాట యొకటి. రాక్షసులు పాములై, తేళ్ళై మీదికి వచ్చినప్పుడు దుర్గ కొయ్యకాళ్ళపై నిలిచి, వానిని త్రొక్కి యాడెనని దాని యర్థము. కొయ్యకాలిపై నడచుటకు అమ్మవారే ఆదిగురువైనదన్నమాట. తెలుగువారు దీనినే మరగాళ్ళు అందురు. ఆ మరగాళ్ళకు గుఱ్ఱపు తొడుగు చేరగా పుట్టినది పొయ్‌క్కాల్ కుదిరై, మనవారి కీలుగుఱ్ఱము. అడుగు, అడుగున్నర ఎత్తు కొయ్యకాళ్ళను పిక్కలకు బిగించుకొని, నడుముచుట్టు వెదురుతో కట్టిన గుఱ్ఱపు మేనిని తగిలించుకొని, రౌతు వేషము దాల్చి, కళ్ళెము చేతబట్టి ఆడు ఈ యాట తంజావూరు సీమలో మరాఠా రాజుల కాలమున ప్రసిద్ధి కెక్కినదని చెప్పుదురు. 1676 ప్రాంతమున తంజావూరు మరాఠాల వశమగుటకు పూర్వము దానినేలినవారు తెలుగు నాయకులు. పిమ్మటి మరాఠా రాజులును తెలుగున యక్షగానములు వ్రాయుటకు, ఆడించుటకు సిగ్గుపడలేదు. భాష యేదైనను వేడుక నిలుచు ఆ నేలపై పెరిగిన గుఱ్ఱము, నైయాండి మేళమను వాద్యగోష్ఠితో ఉత్తరమునకు నడచి, తిరువళ్ళూరు, చిత్తూరు పల్లెల తిరునాళ్ళలో మన పలకలకును, పంబలకును అడుగు కలిపినది. రాజు గుఱ్ఱము, రాణి గుఱ్ఱము జంటగా వచ్చి, ఒకదానినొకటి తరిమి, మోకరిల్లి, బెదరి, సకిలించునప్పుడు, లోపల నున్నది నాలుగుకాళ్ళ జంతువు కాదు, రెండు కొయ్యకాళ్ళపై నిలిచిన బక్కమనిషి యని చూచువారు మఱచిపోవుదురు. మనిషి కాళ్ళు కనబడకుండుటకు చుట్టును వ్రేలాడు చిత్రవస్త్రమే అందలి రహస్యము.

గోదావరి మండలమున తణుకు ప్రాంతపు బుట్టబొమ్మలు ఈ కుటుంబములో పెద్దవి. నడుము పైభాగమునకే రూపము, నడుము క్రింద పావడ, లోపల మనుష్యుడు. పెండ్లి యూరేగింపులలోను, అమ్మవారి జాతరలలోను డప్పు మ్రోతకు గిరగిర తిరుగుచు, ఒగ్గిన తలను ఊపుచు, జనముపైకి వంగు ఆ బొమ్మలను తెలుగునాట చూడనివారు తక్కువ. కావడి, సప్పరము, కీలుగుఱ్ఱము, బుట్టబొమ్మ: వీని నిర్మాణసూత్రములు దాదాపు ఒక్కటియే గనుక, అవి యెట్లు తయారగునో ఒక్కచోట వివరించుట మేలు.

మొదటిది వెదురు. ముదురు బొంగు బరువు, లేత బొంగు పురుగు పట్టును. గనుక మధ్యవయసు బొంగును మేదరివాడు ఏరి యిచ్చును. దానిని నిలువుగా చీల్చి, కణుపులు చెక్కి, బద్దలు తీసి, నీట నానబెట్టి, సెగ చూపి వంచినచో వలయములగును. పెద్ద వలయము క్రింద, చిన్నవి పైన. వానిని కలుపు నిలువుబద్దలు నాలుగో, ఆఱో. మేకు వాడరు. మేకు కొట్టినచోట వెదురు చీలును, పురికొసతో కట్టినచోట కీలు కొంచెము కదలును. ఆ కొంచెపు కదలికయే వేషమునకు ప్రాణము. నడచునప్పుడు భుజము పైకి లేచి దిగును, తుంటి అటు నిటు ఊగును. చట్రము బిగుసుకొని యున్నచో ఆ కుదుపంతయు మోయువాని మెడకు తగులును. పట్టి యుండియు వదలు ముడి వేయుట నేర్పరితనము. చట్రముపై పాతగుడ్డ, గుడ్డపై కాగితము. అతుకుటకు చింతగింజలను వేయించి, పొట్టుతీసి, విసరి, ఉడికించిన జిగురు శ్రేష్ఠము. గంజియు, మైదాపిండి జిగురును వాడుకలోనివే. జిగురునకు పురుగు పట్టకుండ మైలుతుత్తము చిటికెడు కలుపుదురు. ముఖము కావలసినచో బంకమట్టితో అచ్చు చేసి, తడికాగితములను పొరపై పొరగా అతికి, ఎండిన పిమ్మట మట్టి తీసివేయుదురు; మిగిలిన డొల్లకు సున్నము, ఆపై జాజు, పసుపు, మసి, ఆ పిమ్మట అంగడి రంగులు.

రెండవది బరువు. బొమ్మ యెత్తు పెరిగిన కొలది బరువు క్రిందికి దిగవలెను. తల యెంత పెద్దదైనను డొల్లగా నుండవలెను. అనుభవము లేనివాడు తలనే అందముగా, గట్టిగా చేసి, మొదటి మలుపునందే బోర్లపడును. భుజములపై అడ్డబద్ద, దాని క్రింద మెత్తని గుడ్డచుట్ట, నడుమునకు త్రాడు: ఈ మూడింటివలన బరువు మెడనుండి భుజములకు, భుజములనుండి తుంటికి దిగును. మూడవది చూపు. బొమ్మ కన్నులు ఆకసమున నుండును, మనుష్యుని కన్నులు బొమ్మ రొమ్మువద్ద నుండును. గనుక హారముల నడుమనో, రవికె ముడిలోనో పలుచని గుడ్డ కప్పిన రంధ్రము వదలుదురు. లోనివానికి దారియు గాలియు ఆ రంధ్రమే. నాలుగవది చేతులు. బొమ్మచేతులకు ఎముక లేదు. గడ్డియో దూదియో కూరిన గుడ్డగొట్టములు భుజమునుండి వ్రేలాడుచు, తిరిగిన వేగమునకు తమంత తామే లేచి విచ్చుకొనును. ప్రేక్షకులకు బొమ్మ చేతులు చాపినట్లు తోచును. నిజమునకు చాచినది గిరకీ. ఇట్టి యుపాయములు ఏ గ్రంథమునను లేవు. తండ్రి కొడుకునకు వెదురు వంచుచు చెప్పును, తల్లి గుడ్డ కుట్టుచు చెప్పును, మునుపటియేట బోర్లపడినవాడు తన నొప్పి చూపి చెప్పును.

ఇన్ని నియమములకు మూలమొక్కటియే: మోయువాని అడుగు. ఎంత పెద్దది కట్టవలెనను ప్రశ్నకు శాస్త్రము చెప్పు సమాధానము వాడు నడిచి గుడి చేరగలిగినంత. మెట్లున్న కొండకు కావడి వెడల్పు తగ్గును. ఇఱుకువీథి యూరిలో సప్పరము సన్నబడును. గాలి వీచు నదియొడ్డున కాగితము బదులు ఆకు మేలగును. ఈ సంగతిని గుర్తించుటకు కదలని పెద్దరూపమును ప్రక్కన పెట్టి చూచినచో చాలును. పుత్తూరు మొదలుగాగల ఊళ్ళలో ద్రౌపదీధర్మరాజుల గుళ్ళయొద్ద జరుగు మహాభారత తిరునాళ్ళలో చివరిదినమున మైదానమున దుర్యోధనుని మట్టిప్రతిమను నేలపై పరుండబెట్టినట్లు నిర్మింతురు. భీమవేషధారి ఆ తొడపై గదతో మోదుటయు, ద్రౌపది శపథము నెఱవేఱుటయు ఆ ప్రతిమపైననే జరుగును. అది ఎన్ని బారల పొడవున్నను అడ్డు లేదు, ఏలయన దానిని మోయువాడు లేడు. చంపబడవలసినవాడు కదలనక్కఱలేదు. కదలవలసినది భక్తుడు, కదలినంతలోనే వాని పెద్దతనము.

ఇట్టి విద్య మనకు మాత్రమే దక్కినదని గర్వింప బనిలేదు. బెల్జియములోని ఆత్ పట్టణమున 15వ శతాబ్దమునుండి గోలియత్ అను రాక్షసుని బొమ్మ ఏటేట ఊరేగుచున్నది. దాని యెత్తు సుమారు నాలుగు మీటర్లు, బరువు నూఱు కిలోలకు మించినది. అయినను లోన నున్నవాడు ఒక్కడే, వాడు దానిని నాట్యమాడించును. ఆ దేశపు, ఫ్రాన్సు దేశపు ఊరేగింపు బొమ్మలను యునెస్కో 2005లో మానవజాతి సాంస్కృతిక సంపదగా ప్రకటించినది. ఇంగ్లండులో సాలిస్‌బరీ పట్టణపు దర్జీల సంఘమువారు ఒక పెనుమనిషిని, వానికి తోడుగా ఒక కొయ్యగుఱ్ఱమును ఊరేగించిరి. ఆ బొమ్మ నేడు అచ్చటి మ్యూజియములో నున్నది. కార్న్‌వాల్ తీరమున పాడ్‌స్టో పట్టణమువారు మే మొదటి తేదిని నల్లగుడ్డ కప్పిన వలయాకారపు గుఱ్ఱమును భుజములపై మోసి ఆడుదురు. మన కీలుగుఱ్ఱమునకు దానికి చుట్టఱికము లేకపోయినను, వలయమును గుడ్డను చూచినవానికి రెండింటి యూహయు ఒక్కటే యని తెలియకపోదు.

అమెరికాలో అక్టోబరు 31వ తేదిని జరుగు హాలోవీన్ పండుగ, ఐర్లండు, స్కాట్లండు దేశస్థులు తమ వెంట కొనిపోయిన శరత్కాలాంతపు వేడుకనుండి పెరిగినది. 1974లో న్యూయార్కు నగరమున గ్రీనిచ్ విలేజ్ పేటలో రాల్ఫ్ లీ అను ముసుగులు చేయు శిల్పి, తాను చేసిన పెద్దబొమ్మలతో, ముసుగులతో ఒక చిన్న ఊరేగింపు నడపగా, అది నేడు ఆ నగరమునకంతకును మహోత్సవమైనది. అచ్చటి గృహస్థులు కారుకొట్టములలో అట్టపెట్టెలు కోసి, నురుగుపలకలు చెక్కి, ప్లాస్టిక్ గొట్టములు బిగించి, కొండలెక్కువారి వీపుసంచి చట్రమునకు ఆ గొట్టములను తగిలించి, ఏడెనిమిదడుగుల అస్థిపంజరములను, రాక్షసులను, యంత్రమనుష్యులను కట్టి, తాము లోన దూఱి వీథిని నడుతురు. బరువును భుజమునుండి తుంటికి దింపు ఆ వీపుసంచి పట్టీ, మన బుట్టబొమ్మ నడుముత్రాడు చేయు పనినే చేయుచున్నది. దసరాకు బొమ్మలకొలువు తీర్చిన తెలుగు ఇల్లాండ్రు కొన్నినాళ్ళకే పిల్లల హాలోవీన్ వేషమునకు అట్ట కత్తిరించు కాలమిది. ఆ పిల్లలకు తమ పూర్వుల సీమలోనే గోపురమును ఒంటిపై దాల్చు మొక్కు కలదని చెప్పువారున్నచో, వారి చేతిలోని అట్టకు మరియొక యూహ తోచవచ్చును.

తిరిగి మన బాటకు వత్తము. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిదప ఈ సీమ ఎవరిదను వివాదము తీవ్రమై, పటాస్కరు మధ్యవర్తిత్వమున పరిష్కారము కుదిరి, 1959లో చట్టమై, 1960 ఏప్రిల్ 1వ తేదినుండి అమలు జరిగినది. తిరుత్తణి తాలూకాలో అధికభాగము చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు చేరినది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని గ్రామములు కొన్ని ఆంధ్రమునకు వచ్చి సత్యవేడు తాలూకా యైనవి. 1997లో తిరువళ్ళూరు ప్రత్యేక జిల్లా యైనది. గీత గీచినవారు భూమిని, పన్నును, పాఠశాలలోని భాషను పంచిరి. వేపచీరకును, కావడికిని, సప్పరమునకును ఆ గీతతో పని లేకపోయెను. నాగలాపురము వైపువారు ఆడి ఆదివారమున పెరియపాళయమునకు వచ్చుట మానలేదు. తిరువళ్ళూరు వైపువారు తిరుపతి కొండకు పోవుట మానలేదు. రాష్ట్రములు వేఱైన పిమ్మట కలసియున్న కొద్దిపాటి విద్యలలో ఈ వేషవిద్య యొకటి.

సరిహద్దు చేయలేని హాని వేఱు దిక్కునుండి వచ్చుచున్నది. తిరునాళ్ళలో నేడు అద్దె వేషములు దొరకును. విద్యుద్దీపములతో వెలుగు థర్మకోల్ దేవతామూర్తులు ట్రాక్టరు తొట్లపై ఊరేగును. ముద్రించిన ప్లాస్టిక్ గుడ్డపై ఇరువదియడుగుల ముఖములు నిలుచును. జనరేటరు నడుపువాడుండగా భుజము అక్కఱలేకపోయెను. పరిమాణమునకు హద్దు లేకపోయెను. హద్దు పోవుటతో వేషము వేడుకగా మిగిలినను విద్యగా మిగులలేదు. వెదురు కొని, చీల్చి, వంచి, రెండు మూడు వారములు శ్రమించుటకంటె గంటకింత అద్దె చెల్లించుట సులభమని గృహస్థుడు తలంచుటలో తప్పు పట్టుట కష్టము. కాని పండుగ ముగిసిన పిమ్మట అద్దెబొమ్మ అంగడికి తిరిగిపోవును. ఇంటబుట్టిన బొమ్మను కట్టుట నేర్చినవాని చేతులు ఇంటనే యుండును. మేదరివాడు బొంగు ఏఱు నేర్పును, చింతగింజల జిగురు పాకమును, కదలు ముడిని వేయు పద్ధతియు ఒక తరము చేతిలోనే నేడు మిగిలి యున్నవి. అద్దెకు వచ్చిన బొమ్మ ఆ విద్యను మరియొకరికి నేర్పజాలదు.

పెద్దది కట్టుట కష్టము కాదు. కట్టినదానిని తానే మోసి నడచుట కష్టము. పెరియపాళయపు ఆకుచీర మొదలు తిరుపతి సప్పరము వఱకు ఈ సీమ ప్రజలు మనకు నేర్పినది ఇదియే. ఈ నియమము విడిచిన వేషము ఎంత ఎత్తు లేచినను బొమ్మయే గాని వేషము కానేరదు. అందువలన ఈ బాటకు ఇరువైపుల నున్న పాఠశాలల ఉపాధ్యాయులకు, గ్రంథాలయములవారికి, తిరునాళ్ళ ధర్మకర్తలకు నా మనవి యొకటి. మీ యూర వెదురు వంచగల వృద్ధులింకను కొందఱుందురు. వారిని పిలిపించి, పిల్లలచేత ఒక్క సప్పరమునైన, ఒక్క కీలుగుఱ్ఱమునైన కట్టించి, దాని కొలతలను, ముడులను, జిగురు పాకమును తెలుగునను తమిళమునను వ్రాయించి భద్రపఱుపుడు.